అటక మీది ఇత్తడి మళ్ళీ పొయ్యెక్కాలంటే: పాత వంట సామాను ఎంచుకోవడం, బాగుచేయడం, వాడటం

పాత గుండిగను తోమి హాల్లో పూలకుండీగా పెట్టుకునే ఉద్దేశమైతే ఇదంతా చదవక్కర్లేదు, కాస్త చింతపండూ ఉప్పూ చాలు. అందులో పరమాన్నం వండాలి, రాచ్చిప్పలో (రాతి గిన్నెలో) పులుసు కాయాలి, పాత జాడీలో ఈ ఏడు ఆవకాయ పెట్టాలి అనుకుంటే మాత్రం కొనేముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి, ఇంటికి తెచ్చాక చేయాల్సినవి ఇంకొన్ని.

ఎక్కడ వెతకాలి

ముందు మీ ఇంటి అటకే వెతకండి. స్టీలు సామాను వచ్చాక సారె ఇత్తడంతా గోనెసంచుల్లోకి పోయింది. చాలా ఇళ్ళలో ఇంకా అక్కడే ఉంది. పెద్దవాళ్ళని "ఇత్తడి ఉందా" అని కాకుండా "గుండిగ ఏమైంది, మరచెంబు ఎవరు తీసుకెళ్ళారు" అని పేరు పెట్టి అడిగితే జాడ తెలుస్తుంది.

కొనాలంటే విజయవాడలో వన్‌టౌన్ వైపు, గుంటూరులో పట్నంబజారు, లాలాపేట వైపు పాత్రల దుకాణాలు చూడండి. కొత్త సామాను కొనేవాళ్ళు మార్పిడికి ఇచ్చిన పాత గిన్నెలు అలాంటి కొట్లలో వెనక గదిలో కుప్పగా పడుంటాయి. ముందు వరసలో కనిపించవు, మీరే అడగాలి: "మార్పిడికి వచ్చిన పాతది ఉందా? కరిగించడానికి పంపేముందు ఒకసారి చూస్తాం." పాత ఇనుప సామాను కొట్లలోనూ దొరుకుతాయి గానీ అక్కడ ఏది ఏ లోహమో మీకే తెలియాలి. రోళ్ళు, తిరగళ్ళు కావాలంటే పాత పెంకుటిళ్ళు పడగొట్టే చోట అడగండి. మోసుకుపోయే బాధ తప్పుతుందని ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉంటారు.

బేరానికి ముందు రెండు రేట్లు అడిగి తెలుసుకోండి: ఆ రోజు పాత ఇత్తడి కిలో ఎంతకు తీసుకుంటున్నారు, కొత్తది కిలో ఎంతకు అమ్ముతున్నారు. మీరు ఇవ్వాల్సిన ధర ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. "ఇది వందేళ్ళ నాటిది" అనే మాటకు విడిగా డబ్బులివ్వకండి. ఇనుప చెవులు, ఇనుప కడియం ఉంటే ఆ బరువు తీసేయమనండి. పెళ్ళి ముహూర్తాలప్పుడు, ధనత్రయోదశి ముందు బేరం సాగదు. ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్ళండి.

కొట్లో చేయాల్సిన పరీక్షలు

జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. ఇత్తడి, రాగి, కంచు మూడింటికీ అది అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుమే, పైన పూత. అల్యూమినియానికీ అంటుకోదు కాబట్టి చేత్తో ఎత్తి బరువు చూడండి. అదే సైజు, అదే మందం ఉన్న ఇత్తడిలో మూడో వంతు కూడా తూగదు అల్యూమినియం. అనుమానముంటే అడుగున అంచు దగ్గర మేకుతో చిన్న గీత గీయించండి: పసుపుగా కనిపిస్తే ఇత్తడి, గులాబీ ఎరుపైతే రాగి.

కంచును చప్పుడుతో పట్టుకోవాలి. గిన్నెను వేళ్ళ కొసల మీద నిలబెట్టి వేలి కణుపుతో అంచు మీద కొట్టండి. కంచైతే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఇత్తడి టంగుమని ఆగిపోతుంది. కంచుదే అయి ఉండీ బొంగురుగా పలికితే ఎక్కడో సన్నటి బీట ఉన్నట్టు, దాన్ని వదిలేయండి. కంచు రాగీ తగరమూ కలిసినది, గట్టిదే గానీ పెళుసు. కింద పడితే పగులుతుంది గానీ సులువుగా సొట్ట పోదు. కంచు కంచం పేరుతో అమ్ముతున్నదానికి నాలుగు సొట్టలున్నాయంటే అది ఇత్తడయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత చిల్లులు. గిన్నె లోపలి నుంచి ఎండ వైపు చూడండి. సూదిమొనంత వెలుగు చుక్క కనిపించినా చిల్లే. ఆపైన సగం దాకా నీళ్ళు పోసి పొడి న్యూస్‌పేపరు మీద అరగంట ఉంచండి. పాత పెద్ద గుండిగల నడుంలోనో అడుగునో రంపం పళ్ళలా ఒకదాంట్లో ఒకటి ఇమిడిన అతుకు కనిపిస్తుంది. రేకు ముక్కలను అలా కలిపి అతికించడం చేతిపనికి గుర్తు, దాన్ని చూసి భయపడక్కర్లేదు. కారడం మొదలైతే మాత్రం అక్కడే మొదలవుతుంది కాబట్టి పేపరు తడి ఆ గీత కిందే ఉందేమో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం మాట్లు. బూడిదరంగులో, మెత్తగా, గోరు పెడితే గీత పడే అతుకులు కనిపిస్తే అది టంకం. పాత టంకంలో సీసం కలిపి ఉండటం మామూలే. మాటు వేసిన గిన్నె వంటకు పనికిరాదు. మొక్కలకు నీళ్ళు పోసుకోండి.

అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన ఇంటిపేరు, పేరు, ఒక్కోసారి పెళ్ళి తేదీ ఉంటాయి. అలాంటివి దొరికితే అదృష్టం. మెరుపు కోసమని ఆటోనగర్ షెడ్లలో మిషను మీద బఫింగ్ చేయించారంటే మొదట పోయేవి ఆ చుక్కలే, వాటితో పాటు రేకు మందమూ కొంత పోతుంది. వంట గిన్నెకు అద్దంలాంటి మెరుపు అక్కర్లేదు.

తోమడం

ముందు జిడ్డు పోవాలి. ఏళ్ళనాటి నూనె జిడ్డు మీద చింతపండు పనిచేయదు, చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. గిన్నె నిండా వేణ్ణీళ్ళు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి గంట నాననిచ్చి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగేయండి.

ఓ మాదిరి బిందెకు 50 గ్రాముల పాత చింతపండు, అరగ్లాసు వేణ్ణీళ్ళు, చెంచాడు కళ్ళుప్పు చాలు. పావుగంట నాననిచ్చి గుజ్జుతో సహా రుద్దండి. నలుపు మొండిగా ఉంటే లీటరు వేణ్ణీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి ఆ నీళ్ళు పట్టించి పది నిమిషాలు ఉంచండి. అంతకుమించి వద్దు. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి పైకి తేలుతుంది, గులాబీ రంగు మచ్చలు పడతాయి. మచ్చ పడితే ఇటుకపొడితో నెమ్మదిగా రుద్దుకుంటూ పోవడమే, వేరే దారి లేదు.

పులుపుతో తోమిన వెంటనే నీళ్ళతో కడిగి ఊరుకుంటే రెండు రోజుల్లో మళ్ళీ నల్లబడుతుంది. ఇంకా పులుపు మిగిలే ఉంటుంది. అందుకే చివర్లో కాస్త జల్లించిన కట్టెల బూడిద పట్టించి కడగాలి. బూడిదలోని క్షారం ఆ పులుపును విరిచేస్తుంది. బూడిద దొరక్కపోతే చిటికెడు వంటసోడా. తర్వాత పొడిగుడ్డతో తుడిచి పది నిమిషాలు ఎండలో బోర్లించండి. తడి దానంతటది ఆరిపోనిస్తే మన బోరు నీళ్ళ ఉప్పు తెల్లటి చారలుగా మిగులుతుంది.

కళాయి

ఇత్తడి గిన్నెలో పులుపు వండాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండి తీరాలి. కళాయి లేని ఇత్తడిలో మజ్జిగ, పులుసు, టమాటా పప్పు కిలుం పడతాయి, నోట్లో పెడితే వగరు తెలుస్తుంది, కడుపులో తిప్పుతుంది. నీళ్ళు కాచడానికి, ఎసరు పెట్టి అన్నం వార్చడానికి కళాయి లేకపోయినా నడుస్తుంది. పాలు, పరమాన్నం, పప్పు అన్నీ వండుకోవాలనుకుంటే మొదటే పెట్టించేయండి.

కళాయి పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. పాత్రల కొట్లో అడిగితే ఎవరో ఒకరి పేరు చెబుతారు. గిన్నె ఇచ్చేసి సాయంత్రం రావడం కాకుండా దగ్గరుండి చేయించుకోండి. పని ఇలా సాగాలి:

1. గిన్నె లోపల ఇసుకతోనో, ఆమ్లంతోనో పసుపుపచ్చటి లోహం కనిపించేదాకా తోమాలి. నల్ల మచ్చ మిగిలిన చోట కళాయి అంటదు.

2. బొగ్గుల కొలిమి మీద గిన్నెను తిప్పుతూ వేడి చేసి నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే తెల్లటి పొగ లేవాలి. ఆ పొగ కళ్ళూ గొంతూ మండిస్తుంది, గాలి ఎటు నుంచి వీస్తుందో అటు నిలబడండి.

3. తగరం కడ్డీని వేడి గిన్నెకు తాకిస్తే చుక్కలా కరుగుతుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి ఇది క్షణాల పని.

4. నవసాగరం అద్దిన దూది ఉండతో ఆ చుక్కను గిన్నె అంతా ఒకేలా పాముతారు. వెండి మెరుపు పరుచుకుంటుంది.

5. చల్లటి నీళ్ళలో ముంచి తీస్తారు.

అసలు మోసం కడ్డీలో జరుగుతుంది. తగరం ఖరీదు, సీసం చవక. మొదలుపెట్టక ముందే కడ్డీ చేతికి తీసుకుని చెవి దగ్గర పెట్టి కొంచెం వంచండి. మంచి తగరం వంగేటప్పుడు కరకరమని సన్నగా చప్పుడు చేస్తుంది. సీసం మూగగా వంగుతుంది. ఆ పైన తెల్ల కాగితం మీద గీయండి. పెన్సిలు గీతలా నల్లగా పడితే సీసం కలిసినట్టే, ఇంకో మనిషిని చూసుకోండి.

పని అయ్యాక గిన్నెను వెలుగులో తిప్పి చూడండి. ఎక్కడైనా పసుపు కనిపిస్తున్నా, అడుగున తగరం ముద్ద కట్టినా కొలిమి ఆరకముందే మళ్ళీ పామించండి. ఇంటికొచ్చాక బియ్యం కడిగిన నీళ్ళు పోసి పావుగంట మరిగించి పారబోసి, అప్పుడు వాడండి.

కళాయి ఎన్నాళ్ళుంటుందనేది మీ చేతిలో ఉంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే కళాయి కరిగి అడుగుకు చేరుతుంది. వేపుళ్ళు అందులో చేయకండి, తాలింపు విడిగా ఇనుప గరిటెలో వేసి కలపండి. చెక్క గరిటె వాడండి, స్టీలు అట్లకాడ గీకితే చారలు పడతాయి. లోపల కొబ్బరి పీచు, కుంకుడు రసం చాలు. చింతపండూ ఇటుకపొడీ బయటివైపుకే. రూపాయి బిళ్ళంత పసుపు బయటపడిన రోజు మళ్ళీ కళాయికి పంపే రోజు. వండింది వేరే గిన్నెలోకి తీసేయండి, కళాయి ఉన్నా సరే రాత్రంతా ఉంచొద్దు.

ఇంకో మాట. ఇండక్షన్ స్టవ్ మీద ఇత్తడి, రాగి, కంచు వేడెక్కవు. గ్యాసు మీద గుండ్రటి అడుగున్న గిన్నెలు దొర్లకుండా ఇనుప రింగు పెట్టుకోండి.

కంచు కంచం

దీనికి కళాయి అక్కర్లేదు, అదే దీని సుఖం. తినడానికి వాడండి, వండటానికి వద్దు. చాలా వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోస్తే బీటలిస్తుంది. సింకులో స్టీలు గిన్నెల కింద వేయకండి. గ్రానైటు గట్టు మీద జారిందంటే అంతే సంగతులు.

రాచ్చిప్ప

పులుసుకు దీన్ని మించింది లేదు. రాయి మెత్తది, వేళ్ళకు సబ్బులా నున్నగా తగులుతుంది, లోహం కానిది కాబట్టి పులుపుతో తగువు లేదు. పాతది దొరికితే ఇంకా మంచిది, రాయి అప్పటికే నూనె తాగి నల్లబడి ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉన్న రాయిని నేరుగా మంట మీద పెడితే పగిలిపోతుంది. లోపల చేరిన తేమ ఒక్కసారిగా ఆవిరయ్యేటప్పుడు బీటలిస్తుంది. దాన్ని మళ్ళీ దారికి తేవడానికి వారం పడుతుంది, తొందరపడొద్దు.

మొదటి రోజు శనగపిండితో కడగండి. సబ్బు వద్దు, రాయి పీల్చుకుని తర్వాత పులుసులోకి వదులుతుంది. నీడలో ఆరాక రెండు చెంచాల ఆముదంలో చెంచా పసుపు కలిపి లోపలా బయటా పట్టించి రోజంతా వదిలేయండి. రెండో రోజు నుంచి వరసగా నాలుగు రాత్రులు వేడి గంజి నిండా పోసి ఉంచి, పొద్దున్నే పారబోసి, ఆరబెట్టి, మళ్ళీ పల్చగా ఆముదం రాయండి. ఆరో రోజు ముప్పాతిక వంతు గంజి పోసి సిమ్‌లో ఇరవై నిమిషాలు కాగనిచ్చి, పొయ్యి మీదే చల్లారనివ్వండి. చెమ్మ బయటికి రాకపోతే ఏడో రోజు పులుసు పెట్టొచ్చు.

వాడేటప్పుడు ఎప్పుడూ సిమ్‌తో మొదలుపెట్టి మంట మెల్లగా పెంచండి. పులుసు చిక్కబడటానికి ఐదు నిమిషాల ముందే కట్టేయండి, దింపాక కూడా కుతకుతలాడుతూనే ఉంటుంది. దింపి తడి గట్టు మీద పెడితే అడుగు పగులుతుంది. గుడ్డ చుట్టకుదురు మీద పెట్టండి.

జాడీ

పైన గోధుమ రంగు, కింద తెలుపు ఉన్న పాత జాడీల విషయంలో చూడాల్సింది పూత ఒక్కటే. లోపల టార్చి వేసి చూడండి. వెంట్రుకవాసి గీతలు వలలా అల్లుకుని ఉంటే ఊరగాయకు పనికిరాదు. ఆ గీతల గుండా ఉప్పూ నూనే మట్టిలోకి దిగుతాయి. అందుకే అలాంటి జాడీ బయట తెల్లటి ఉప్పు పూస్తుంది. అమ్మేవాళ్ళు తుడిచేసి ఉండొచ్చు, కాబట్టి నీళ్ళు నింపి పొడి కాగితం మీద ఒక రోజంతా ఉంచి చూసుకోండి. నోటి దగ్గర పెచ్చు లేచినా గుడ్డతో వాసెన కట్టుకోవచ్చు గానీ లోపల పెచ్చు లేస్తే మాత్రం వద్దు. లోపలి పూత రంగురంగులుగా ఉన్నా, గోరు తగిలితే రాలుతున్నా అందులో సీసం ఉండే ప్రమాదముంది, తినేవి వేయకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్ళను ముంచేసింది కదా, ఆ నీళ్ళలో మునిగిన జాడీలకూ ఇదే కొలత. పూత చెక్కుచెదరకపోతే వేణ్ణీళ్ళతో కడిగి ఎండబెట్టి వాడుకోవచ్చు. గీతలుంటే లోపలికి ఏం దిగిందో కడిగి తేల్చలేం.

ఆవకాయకు ముందు వేణ్ణీళ్ళతో కడిగి రెండు రోజులు గట్టి ఎండలో పెట్టండి. మే నెల ఎండ ఇందుకే ఉంది. నోటికి రెండు వేళ్ళ కిందికే నింపండి, పైకి నూనె తేలాలి. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డతో వాసెన కట్టి మూత పెట్టండి.

ఇనుప పెనం, మూకుడు, రోలు

తుప్పు పట్టిన పోత ఇనుప పెనం చూసి వెనక్కి తగ్గకండి, బీట లేకపోతే చాలు. సగం నీళ్ళు, సగం వెనిగర్ కలిపి అరగంట ముంచండి. ఎక్కువసేపు ఉంచితే ఇనుమునే తింటుంది. స్టీలు పీచుతో రుద్ది, కడిగి, వెంటనే పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి. గోరువెచ్చగా ఉండగా అరచెంచా వేరుశనగ నూనె రాసి, రాసింది రాసినట్టే గుడ్డతో తుడిచేయండి. తుడిచేస్తే ఇంకేం మిగులుతుందనిపిస్తుంది, ఆ మిగిలిందే కావాలి. పొగ వచ్చేదాకా కాల్చి చల్లారనిచ్చి మళ్ళీ అదే చేయండి, నాలుగైదు సార్లు. పెనం జిగటగా అయిందంటే నూనె ఎక్కువ పట్టించారని అర్థం. మొదటి నెల అట్లు, వేపుళ్ళే. చింతపండు పులుసు పోస్తే పట్టిన పొరంతా లేచిపోయి కూర నల్లబడుతుంది.

రోలుకు పని తక్కువ. బ్రష్షుతో కడిగి, గుప్పెడు నూకలూ కళ్ళుప్పూ వేసి నూరి పారేయండి. పిండి బూడిద రంగు లేకుండా తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నూరాలి. లోపల నున్నగా అరిగిపోయి పప్పు జారిపోతుంటే గాట్లు కొట్టించి, ఈ పనంతా మళ్ళీ మొదటి నుంచి చేయండి. గోంగూర పచ్చడి ఒక్కసారి అందులో నూరితే మిక్సీ వైపు చూడరు.

సోల, తవ్వ, మానిక

ఈ పాత కొలత గిన్నెలు దొరికితే వదలకండి, చవగ్గానే వస్తాయి, రోజూ పనికొస్తాయి. లెక్క ప్రకారం నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కానీ పాత కొలతలు ఊరూరికీ మారేవి, కాబట్టి ఒక ఊళ్ళో కొన్న తవ్వ, ఇంకో ఊళ్ళో కొన్న మానికతో సరిపోకపోవచ్చు. లీటరు అని ముద్ర ఉన్నదైతే 1956 తూనికలు కొలతల చట్టం తర్వాతిది.

మీ కొలత ఎంతో తేల్చడం సులువు. వంటింటి కాటా మీద ఖాళీ సోలను పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు నింపండి. ఎన్ని గ్రాములు తూగితే దాదాపు అన్ని మిల్లీలీటర్లు. తర్వాత అదే సోలతో బియ్యం, కందిపప్పు, ఆవపిండి ఒక్కొక్కటి తలకొట్టి (అంచుకు సమంగా చదును చేసి) ఒకసారి, రాశిగా పోసి ఒకసారి తూచి రాసుకోండి. పాతకాలం పిండివంటల్లో "మానెడు బియ్యానికి" అన్నప్పుడు తలకొట్టిందా, రాశా అనేది ఆ ఇంటి పెద్దావిడనే అడగాలి, రెండింటికీ చాలా తేడా వస్తుంది. తేలిన అంకెను చిన్న స్టిక్కరు మీద రాసి కొలత అడుగున అంటించేయండి.